ముందుకొచ్చి మాట్లాడే మనిషి

పెళ్ళి రిసెప్షన్లలో వధూవరుల పక్కన ఫొటో దిగడానికి నిలబడే వరస మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదుంది. నలభై నిమిషాలు నిలబడాలి. ఆ తర్వాత, మనల్నెప్పుడూ చూడని ఇద్దరి పక్కన, మనమెప్పుడూ చూడబోని ఫొటో కోసం కాసేపు నవ్వాలి. ఆ కాసేపట్లో సగం కెమెరా అతను "సార్, కొంచెం లోపలికి" అనడానికే పోతుంది. వరస పక్కన నాలుగు కుర్చీలు వేస్తే పెళ్ళికి వచ్చే లోటేమీ లేదు. ఎవరూ వెయ్యరు. మోకాళ్ళున్నవాళ్ళు పెళ్ళిళ్ళకి రారని ఫంక్షన్ హాళ్ళవాళ్ళ నమ్మకం.

మొన్న కొంపల్లిలో అలాంటి ఒక వరసలో నిలబడి ఉంటే ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే, సౌదీలో, అల్ ఖోబర్‌లో, నాతో ఆరేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేసిన జగిత్యాల మిత్రుడు. ఒకరి జుట్టు సంగతి ఒకరం మర్యాదగా ఎత్తలేదు. పిల్లలు, బీపీ, రిటైర్మెంటు అయిపోయాక ఆయన అన్నాడు:

"అన్నట్టు సార్, మీ తోటాయన పోయిండు. ఎరికేనా?"

నాకు తెలియదు.

"నిరుడు ఎండాకాలం. పొలం కాడ్నే కూలబడ్డడట. మా ఊరికి రెండూర్ల అవతల్నే గదా, దినాలకు పొయ్యొచ్చిన." నేను ఏదో ఒకటి అనేలోపు ఆయన తన వెనక నిలబడ్డ పెద్దమనిషి వైపు తిరిగాడు. "ఈ సార్‌తోని మస్తు నవ్వులుండెనన్నా అప్పట్ల. ఒకపారి గులాబీ చెట్టుకు దండంబెట్టి ఒక జోకేసిండు సూడు..."

మొత్తం చెప్పాడు. పెద్దమనిషి చేతిలోని కవరు ఊగేలా నవ్వాడు. పదిహేనేళ్ళు దాటిన జోకు, ఎక్కడా చెక్కుచెదరలేదు. నాకు చెవుల్లో ఏదో మూసుకుపోయినట్టయింది. వరసలోంచి బయటికి వచ్చేశాను. భోజనం చేసే ఉంటాను. కారెక్కాక మా ఆవిడ, "షుగరుండగా మూడు జిలేబీలు ఎలా తిన్నారండీ?" అంది. నాకు ఒక్కటీ గుర్తులేదు.

జోకు తర్వాత చెబుతాను. ముందు మనిషిని చెప్పాలి. ఆ రోజు నేను మనిషిని మరిచి జోకు చెప్పాను.

ఆయన్ని నేను "పెద్దాయనా" అనేవాణ్ణి. నిజానికి నాకంటే ఏడేళ్ళే పెద్ద; కానీ అక్కడి ఎండ ఏడేళ్ళని పదిహేడు చేసి చూపిస్తుంది. మా కంపెనీవాళ్ళ ఇళ్ళన్నీ ఒకే ప్రహరీ లోపల ఉండేవి. కాంపౌండ్ అనేవాళ్ళం. పెద్ద ఉద్యోగులకి తోటలున్న విల్లాలు, నాబోటి మధ్యరకం ఇంజనీర్లకి తోటల్లేని ఫ్లాట్లు. విల్లాల తోటలు చూసుకోవడానికి ఒక కాంట్రాక్టరు. ఆ కాంట్రాక్టరు మనుషుల్లో ఈయన ఒకడు. వీసా మీద తాపీమేస్త్రీ, చేతిలో నీళ్ళ పైపు. ముప్పై ఏడు నుంచి నలభై ఒకటి దాకా అయిదు విల్లాల తోటలు ఆయనవి.

మనుషుల పేర్లు ఆయనకి పట్టేవి కావు. నంబర్లే. "ముప్పై తొమ్మిదికి మోకాలు నొప్పి సార్, ఇయ్యాల బయటకు రాలే." "నలభైకి అత్త దిగింది. గేటు చప్పుడైతె కస్సుమంటున్నది." పూలకి మాత్రం శ్రద్ధగా పేర్లు పెట్టేవాడు. వంకాయరంగు పెటూనియాలని మైకుపూలు అనేవాడు, గుడిమీద కట్టే మైకులా విచ్చుకుని ఉంటాయని. ఒకసారి నలభై మేడం వాటి అసలు పేరు నేర్పబోయిందట. "నేర్సుకున్న సార్. కానీ గా పేరుతోని పిలిస్తె అవి పలుకుతలేవు," అన్నాడు.

ఇవన్నీ సరే. ఆయన్ని ఎరిగిన ఎవరినడిగినా ముందు చెప్పేది ఆయన మాట్లాడే పద్ధతి గురించి. వెనకనుంచి గానీ పక్కనుంచి గానీ ఒక్క మాట అనడు. చేతిలో పని వదిలేసి, మన చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి నిలబడి, మనం తనని చూస్తున్నామని తేల్చుకుని, అప్పుడు నోరు తెరుస్తాడు. తెరిస్తే బాగా తెరుస్తాడు. ఒక్కో మాటనీ పెదాలతో పోతపోసి మన చేతిలో పెడతాడు. నేను వంగి బూటు లేసు కట్టుకుంటుంటే, ఎదురుగా వచ్చి గొంతుకూచుని మరీ "గుడ్ మార్నింగ్ సార్" అనేవాడు. ఆయనకి నా తెలివి మీద అనుమానమేమో అనుకున్నాను. ఆఫీసులో ఆ అనుమానం అలవాటే కనక పట్టించుకోలేదు.

ఇంకొకటి, మీసం లేదు. ఆ వయసులో, జగిత్యాల వైపునుంచి వచ్చిన మగవాళ్ళలో మీసం లేనివాణ్ణి ఆ కాంపౌండ్‌లో నేనింకొకణ్ణి చూడలేదు. పనివాళ్ళు ఉండే క్యాంపులో తోటివాళ్ళు "ఏమే హీరో, షూటింగు లేదా ఇయ్యాల?" అని ఏడిపించేవాళ్ళట. దుమ్ముగాలి లేచి మనిషికి మనిషి కనబడని పొద్దున కూడా నున్నగా గీసుకున్న మొహంతో వచ్చేవాడు.

రెండింటికీ కారణం మా కరివేపాకు మొక్క వల్ల తెలిసింది. మా ఆవిడ దాన్ని కాకినాడ నుంచి హ్యాండ్‌బ్యాగులో, కస్టమ్స్‌వాళ్ళ కంటబడకుండా, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చుకుంది. అల్ ఖోబర్ చేరి నాలుగు నెలలకి అది ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం పెద్దాయన్ని పైకి పిలిచాను. కుండీలో వేలు గుచ్చి, మట్టి వాసన చూసి, మా ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"మీరు జాలిపడి నీళ్లు వోస్తున్రమ్మా. దీనికి దూప లేదు. మునిగున్నది. గీ నల్లా నీళ్లు ఉప్పగుంటయి. తాగే నీళ్లు వారానికి రెండుపార్లు వొయ్యున్రి, సాలు."

మా ఆవిడకి నాతో కాపురం చేసి చేసి కొంత దూకుడు వచ్చింది. "ఏం బాబాయ్, మాకేమైనా చెవుడనుకున్నారా, అంత నోరు తెరిచి చెబుతున్నారు?" అంది.

ఆయన నొచ్చుకోలేదు. "మా ఆమెకు చెవులు వినరావమ్మా," అన్నాడు. "పెండ్లయిన ఆరేండ్లకు జరమొచ్చింది. జరం పోయింది. పోతపోత చెవులు తీస్కపోయింది. నా మూతి జూసి మాట అందుకుంటది. వేరేటోళ్లది తెల్వది, నాదొక్కటే తెలుస్తది. మీసముంటె పై పెదవి గనవడదని తీసేసిన."

"మరి ఫోనులో ఎలా మాట్లాడతారు?" అన్నాను. నా తెలివి మీద అనుమానం ఉండవలసిందేనని అక్కడ రుజువైంది.

"ఫోన్ జేస్తె వినవడది, చిట్టీ రాస్తె సదువరాదు. మా బావమర్ది ఎత్తి, మంచిగున్నదట బావా అంటడు. మంచిగున్నదనేటోడు ఆయన. మంచిగుండాల్సింది ఆమె." కుండీ అంచు తుడిచాడు. "రెండేండ్లకే ఛుట్టీ అన్నరు సార్. మనుషులు లేరు, ఆర్నెల్లాగు, ఆర్నెల్లాగు అనుకుంట నాలుగేండ్లాయె. నా మూతి మర్సిపోతదేమోనని బుగులైతున్నది."

నేను ఏదో అనబోయాను. అదృష్టవశాత్తూ మా ఆవిడ టీ తెచ్చింది. కరివేపాకు బతికింది.

కాంపౌండ్‌లో ఏటా మార్చిలో, ఎండ ఇంకా మనుషులతో మర్యాదగా ఉన్నప్పుడు, ఒక గురువారం పొద్దున తోటలన్నీ తెరిచిపెట్టేవాళ్ళు. గురువారం, శుక్రవారం మాకు సెలవు. చేతికొక పటం ఇస్తారు. నంబర్ల వరసలో ఒక్కో విల్లా ముందు గేటులోంచి వెళ్ళి, తోట చూసి, కేకు తిని, "ఆహా" అని, మళ్ళీ ముందు గేటులోంచే బయటికి రావాలి. మాతోపాటే ముగ్గురు మేడమ్‌లు అట్టకి బిగించిన కాగితాల మీద మార్కులు వేసుకుంటూ నడుస్తారు. ఆఖర్న ఒక తోటకి మొదటి బహుమతి. విల్లావాళ్ళకి కప్పు. మాలీకి ఏమీ రాసిలేదు. కానీ ఒక ఆనవాయితీ ఉండేది. గెలిచిన ఇంటి మేడం మాలీని లోపలికి పిలిచి ఫొటో తీయించి, తర్వాత మా కంపెనీ ద్వారా కాంట్రాక్టరుకి ఒక ఉత్తరం రాయించేది. ఆ పనివాళ్ళని తన వీసాల మీద తెప్పించుకున్న యజమాని, కఫీల్, దేనికీ కరగని మనిషి, ఆ ఉత్తరానికి కరిగేవాడు. సెలవూ, టిక్కెట్టూ, పాస్‌పోర్టు మీద వెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్రా అన్నీ కలిసి వచ్చేవి. కిందటేడు పన్నెండో నంబరు గెలిచింది. దాని మాలీ, ఒక బంగ్లాదేశీ, పదో రోజుకి విమానంలో ఉన్నాడు.

"మనకు అయిదున్నయి సార్," అన్నాడు పెద్దాయన, జనవరి నుంచీ. "ఏ ఒక్కటి గెలిచినా మాలీని నేనే గదా."

మార్చి మొదట్లో దుమ్ముగాలి లేచింది. రెండు రోజులు వీచి వెళ్ళిపోయాక చూస్తే, ఆ అయిదు తోటల్లోనూ మైకుపూలన్నీ నోరు మూసుకున్నాయి. గులాబీల్లో మిగిలినవి పన్నెండు కుండీలు. గాలి వాసన ముందే పట్టి ఆయన మోటారు గదిలోకి లాగేసినవి. తర్వాత వారంలో అయిదుగురు మేడమ్‌లూ, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆ పన్నెండూ తమ తోటలోనే పెట్టాలని ఆయన్ని అడిగారు.

"మీరేమన్నారు?" అన్నాను.

"అందరికి సరే అన్న."

"ఎలా కుదురుతుంది?"

"అయితది సార్. సూడున్రి," అన్నాడు.

చూశాను. ఆ గురువారం నేనూ జగిత్యాల మిత్రుడూ కేకుల మీద భక్తితో టూరుకి వెళ్ళాం. మార్కులు వేసేవాళ్ళలో పెద్దావిడ ఎప్పుడూ గడ్డి టోపీ పెట్టుకుని ఉండేది. మనిషి కటువు కాదు. నిక్కచ్చి. టోపీ మేడం ముందు, మేం వెనక. ముప్పై ఏడులో వెనక గోడ వారన ఆరు గులాబీ కుండీలు వరసగా, కడిగిన మొహాలతో ఉన్నాయి. అందులో ఒకదానికి కొమ్మ విరిగితే, ఐస్‌క్రీమ్ పుల్ల ఆనించి తెల్లదారంతో కట్టు కట్టి ఉంది. కుండీ అంచు నెలవంకలా పగిలి ఉంది. విరిగిన కొమ్మ చివరే పెద్ద పువ్వు. టోపీ మేడం కూడా దాని దగ్గర ఆగి ఏదో రాసుకుంది. ముప్పై ఎనిమిదిలో ఇంకో ఆరు. ముప్పై తొమ్మిదిలో మళ్ళీ ఆరు. వాటిలో ఒకదానికి ఐస్‌క్రీమ్ పుల్ల, తెల్లదారం. ఈయనకి ఈ కట్టు అలవాటేమో అనుకున్నాను. తర్వాత నెలవంక కనిపించింది.

మిత్రుడు కేకు దగ్గరుండగా నేను వెనక గేటు సందులోంచి తొంగిచూశాను. విల్లాల వెనక సన్నటి దారి ఉంటుంది, చెత్తబండి కోసం. అందులో పెద్దాయన సూపర్ మార్కెట్ ట్రాలీ ఒకటి తోసుకుంటూ పరిగెత్తుతున్నాడు. చప్పుడు కాకుండా చక్రాలకి సైకిల్ ట్యూబు చుట్టాడు. నన్ను చూసి ఆగాడు. అంత హడావుడిలోనూ ట్రాలీ వదిలేసి, నా ఎదురుగా వచ్చి నిలబడి, నోరంతా తెరిచి చెప్పాడు:

"బేసి నంబర్లకు గవి ఆరు, సరి నంబర్లకు గివి ఆరు సార్. మీరు ముంగటి గేట్లకెల్లి పోంగనే నేను ఎనుక గేట్లకెల్లి ఒస్త. పది నిమిషాల్ల పనైపోతది."

నేను పనిచేసిన ప్లాంటులో షట్‌డౌన్ ప్లాను అంత శుభ్రంగా ఎన్నడూ జరగలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను కూడా. సంతోషపడ్డాడు. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. అనవలసిన అవసరం ఉందని ఆయనకి తోచలేదు.

ఆయన వరసలో ఆఖరిది నలభై ఒకటి. కాంపౌండ్‌లో కూడా ఆఖరిదే. అక్కడే నిమ్మరసం, అక్కడే ఫలితం చెప్పడం. టోపీ మేడం మంచి హుషారుగా ఉంది. కట్టు కట్టిన గులాబీ దగ్గర ఆగి, "ఎంత ప్రేమ ఉంటే ఇలా కడతారు!" అంది. అందరూ దాని చుట్టూ మూగారు. ఆ మాట తర్వాత చిన్న నిశ్శబ్దం వచ్చింది. అలాంటి నిశ్శబ్దం కనిపిస్తే ఊరికే వదిలిపెట్టే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ లేదు. ఒకడుగు ముందుకు వేశాను. ఎండకి పెట్టుకున్న నా టోపీ తీశాను. గులాబీకి నడుం వంచి దండం పెట్టి, ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా అన్నాను:

"నమస్కారం మేడం. మనం ముప్పై ఏడులో కలుసుకున్నాం. ముప్పై తొమ్మిదిలో మళ్ళీ కలుసుకున్నాం. తమరు కూడా టూరుకే వచ్చారా?"

నవ్వు బ్రహ్మాండంగా వచ్చింది. జగిత్యాల మిత్రుడు నిమ్మరసం ముక్కులోకి పోయి దగ్గాడు. నలభై ఒకటి మేడం కూడా, ఏమిటో తెలియకుండానే, నవ్వింది. ఆ నవ్వు సద్దుమణిగేదాకా నేనేం చేశానో నాకు తెలియదు. ఇది సాకు కాదు. కాలు జారిన మనిషికి నేల తగిలేదాకా తెలియదు చూడండి, అలా.

నవ్వనిది టోపీ మేడం ఒక్కతే. వంగింది. దారం చూసింది. నెలవంక చూసింది. కాగితాలు వెనక్కి తిప్పింది, ఒకటి, రెండు. తర్వాత చాలా మర్యాదగా, "ఎవరైనా ఆ వెనక గేటు తెరుస్తారా?" అంది.

తెరిచారు.

పెద్దాయన గేటుకి ఆనుకునే ఉన్నాడు, ఫలితం వినడానికి. పక్కన ట్రాలీ, ట్రాలీలో సరి నంబర్ల ఆరు గులాబీలు. కొత్త చొక్కా వేసుకున్నాడు. పెట్టెలో ఉన్న మడతల గీతలు ఇంకా పోలేదు. తల తడిపి దువ్వుకున్నాడు. గెలిచిన తోట మాలీని ఫొటోకి లోపలికి పిలుస్తారని చెప్పాను కదా. గేటు తెరవగానే ఆయన మొహంలో ఏ అనుమానమూ లేదు. ఒక్క నవ్వు మాత్రం ఉంది. మమ్మల్నందర్నీ దాటుకుని, టోపీ మేడం చుట్టూ తిరిగి, ఆవిడ ఎదురుగా వచ్చి, ఆవిడ తనని చూస్తోందని తేల్చుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నా ఒంట్లో రక్తం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. దీన్ని ఇంకాస్త తేలిగ్గా చెప్పే మాట కోసం చాలా ఏళ్ళు వెతికాను. దొరకలేదు.

"మీ భాషే కదా," అంది టోపీ మేడం నాతో. "ఈ మొక్క ఏ ఇంటిదో అడగండి."

అడిగాను. ఆయన నావైపు తిరగలేదు. జవాబు ఆవిడ మొహంలోకి చూసి, పెదాలు విడదీసి, నిదానంగా చెప్పాడు. "అన్నిండ్లది మేడం. ఒక్కింటిదని ఎట్లంటం? నీళ్లు వోసింది నేనొక్కన్నే."

అక్కడ తెలుగు తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకరు ఆయన. ఇంకొకరు జగిత్యాల మిత్రుడు, కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతున్నాడు. నేను ఏం అనువదించినా అడిగేవాడు లేడు. ఇవి నలభై ఒకటివేనట, మిగతావాళ్ళు ఈ ఒక్కరోజుకి అడిగి తీసుకున్నారట అంటే సరిపోయేది. నాలుగు తోటలు పోయినా ఒకటి నిలబడేది. ఆయనకి కావలసింది ఒకటే. జీవితమంతా ఎవరు చెప్పిన మాటకైనా ఏదో ఒక నగిషీ చెక్కి అప్పజెప్పినవాణ్ణి. ఆ ఒక్కమాటా ఉన్నదున్నట్టు చెప్పాను. నా నోరు ఇంకోలా తిరగలేదు.

ఏ తోటలో మొక్క ఆ తోటలోనే పెరిగినదై ఉండాలని నిబంధన. అయిదు తోటలూ జాబితాలోంచి తీసేశామని టోపీ మేడం ప్రకటించింది. గొంతు పెంచలేదు. మొదటి బహుమతి మళ్ళీ పన్నెండుకే. దాని బంగ్లాదేశీ మాలీ, ఇంటికి వెళ్ళొచ్చి ఏడాది కూడా నిండనివాడు, ఫొటోకి రమ్మంటే సిగ్గుపడుతూ వచ్చాడు. అదంతా ఇంగ్లీషులో జరిగింది. పెద్దాయన మాట్లాడుతున్న ఒక్కొక్కరి మొహంలోకీ మార్చి మార్చి చూశాడు. ఎవరి మూతి చూసీ ఆయనకి ఒక్క మాటా అందలేదు. చివరికి నావైపు చూశాడు. నేను నిమ్మరసం గ్లాసులో ఈగ ఏమైనా ఉందేమోనని చూసుకుంటున్నాను.

అయిదుగురు మేడమ్‌లూ తమ గులాబీలని మిగతా నలుగురూ దొంగిలించారని విడివిడిగా ఫిర్యాదు రాశారు. ఆ అయిదిళ్ళూ ఒక్కమాట మీద నిలబడటం అదే మొదలు. వారం తిరక్కుండా కాంట్రాక్టరు ఆయన్ని అక్కడికి రెండు గంటల దూరంలో, ఎడారిలో వేస్తున్న ఒక ప్లాంటు పనికి పంపేశాడు. వీసాలో రాసిన తాపీపనే చివరికి చేతికి వచ్చింది. కొత్త సైటు కనక సెలవు లెక్క మళ్ళీ మొదటినుంచి అన్నారు. రెండేళ్ళు.

మొన్న వరసలో, జోకు మొదలుపెట్టక ముందు, మిత్రుడు మరో ముక్క కూడా అన్నాడు. పెద్దాయన ఆ రెండేళ్ళూ పూర్తయ్యాకే ఇంటికి వెళ్ళాడట. మళ్ళీ రాలేదట. ఇంటి ముందు ఒక్క పూలమొక్క కూడా పెట్టలేదట; పొలంలో పసుపూ వరీ, అంతేనట. ఆరేళ్ళ తర్వాత ఆమె ఆయన మాట అందుకోగలిగిందా అని నేను అడగబోయాను. అప్పటికి మిత్రుడు వెనక్కి తిరిగి జోకు ఎత్తుకున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ రోజుల్లో మా ఇంట్లో హ్యాండీక్యామ్ ఉండేది. మా అబ్బాయి పుట్టినరోజులు గంటలకి గంటలు తీసేవాణ్ణి. పెద్దాయన మొహం అయిదు నిమిషాలు తీసి, ఆ క్యాసెట్టు వాళ్ళ ఊరు పంపొచ్చునన్న ఆలోచన నాకు ఇండియా వచ్చేశాక, ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే వచ్చింది. బ్రష్షు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంజనీరింగులో నాకు ఫస్టు క్లాసు.

ఎడారిలో పెద్దాయన్ని పెట్టిన ఆ ప్లాంటు క్యాంపుకి నేను వెళ్ళాను. వెంటనే కాదు. మొదటి శుక్రవారం కారు సర్వీసింగు. రెండో శుక్రవారం మా ఆవిడకి తలనొప్పి. మూడో శుక్రవారానికి నా దగ్గర కారణాలు అయిపోయాయి. క్యాంపుకి ఎవరు వెళ్ళినా పట్టుకెళ్ళేవి రెండే: కమలాపళ్ళు, ఇండియాకి ఫోన్ చేసుకునే కార్డు. అవే కొన్నాను. రెండు గంటలు కారు నడిపాను. మంచానికి మంచం ఆనించి వేసిన ఒక పొడుగాటి రేకుల గదిలో ఆయనకి ఆ కార్డు అందిస్తూ, అందిస్తూ ఉండగా, నేనేం అందిస్తున్నానో నాకు తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్క మంచం మీద కూర్చున్న ఆయనకి ఇచ్చాడు.

"ఇగో, నువ్వు మాట్లాడుకో."

నాకు మంచం చూపించి, తను ఎదురుగా ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. చేతులకి సిమెంటు పట్టి తెల్లగా ఉన్నాయి. కడుక్కున్నా పోలేదేమో. కరివేపాకు ఎలా ఉందని అడిగాడు. చిగురు వేసిందన్నాను. మా ఆవిడని అడిగినట్టు చెప్పమన్నాడు. కమలాపండు ఒలిచి, తొనలు విడదీసి, సగం నాకే ఇచ్చాడు. అవి చేతిలో పట్టుకుని నేను దారంతా కూడబలుక్కున్నది మొదలుపెట్టాను.

"పెద్దాయనా, తప్పు నాది. నేనే వెళ్ళి చెబుతాను. మీ కాంట్రాక్టరు ఆఫీసులో మేనేజరు నాకు తెలుసు, అతనితో మాట్లాడతాను. కఫీల్ దగ్గరికి తీసుకెళ్ళమంటాను, ఆయనతోనూ మాట్లాడతాను. ఆ టోపీ మేడంతోనూ మాట్లాడతాను. నవ్వులాటకి అన్నానని, మీ తప్పేమీ లేదని..."

ఆయన నోట్లో తొన నమిలి, గింజ చేతిలోకి ఊసి, నేను తనని చూస్తున్నానో లేదో ఒకసారి చూసుకున్నాడు. కోపమేమీ లేదు. ఏ కుండీకి ఎన్ని నీళ్ళు పొయ్యాలో చెప్పే గొంతే.

"మీరు మాట్లాడకుండ్రి సార్. మీరు ఒక్కమాట మాట్లాడితె నాకు రెండేండ్లు పడ్తున్నది."